కాపలా పెట్ట

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నాతో అబద్ధమాడగా నేను చూసింది ఒక్కసారే. అది వేరే ఆడదాని గురించి అయితే నాకంత దెబ్బ తగిలేది కాదేమో. చెడామడా తిట్టి, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన అబద్ధమాడింది చచ్చిన టర్కీ కోడిపెట్ట గురించి.

మా ఓజార్క్ కొండల్లో వసంతం వచ్చిందంటే మగాళ్ళకి ఇంటి మీద ధ్యాస ఉండదు. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసేసరికి అడవిలో టర్కీ పుంజులు పెట్టల కోసం గొంతు చించుకుంటాయి. వీళ్ళు చీకటితో లేచి వెళ్ళి, చెట్టు మొదలుకి వీపు ఆనించి, పెట్ట కూసినట్టు కూస్తారు. ఆ కూత నమ్మి వచ్చిన పుంజు మాకు ఆదివారం భోజనమవుతుంది. పెట్టలు గుడ్లు పెట్టుకునే రోజులు గనక వాటి జోలికి పోకూడదు. అది సర్కారు రూలే కాదు, మా వాళ్ళకి ఒట్టు లాంటిది.

ఇంతమంది వేటగాళ్ళున్న చోట మా ఆర్విల్‌కి మాత్రం ఆ యోగం సగమే రాసిపెట్టి ఉంది. ఆయన బడి బస్సు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని దింపాక అక్కడే బల్లలూ కుళాయిలూ బాగుచేస్తూ ఉండి, సాయంత్రం మళ్ళీ వాళ్ళని ఇళ్ళకి చేరుస్తాడు. వేట చూస్తే మధ్యాహ్నం ఒంటిగంటకే కట్టెయ్యాలి. ఆదివారం చర్చి. ఇక ఆయనకి మిగిలేవి శనివారాలు, వాన పడితే అవీ ఉండవు. పుంజులు కూసే వేళకి ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని మోసుకు తిరగడం నా జాతకం అని ప్రతి ఏడూ సణిగేవాడు.

ఆ ఏడు రూలు మారింది. సొంత పొలాల్లో పొద్దుగూకేదాకా వేటాడుకోవచ్చన్నారు. ఆ కబురు రేడియోలో విని, అరవై దాటిన మనిషి, వంటింట్లో నా నడుం పట్టుకుని గిర్రున తిప్పాడు. పెనం మీద మొక్కజొన్న రొట్టె మాడిపోయింది. మాడిందే తిన్నాం, నవ్వుకుంటూ.

ఏప్రిల్లో సీజను మొదలైనప్పటినుంచి ఆయన పద్ధతి ఇది. నాలుగింటికి బస్సు తెచ్చి మా దొడ్లో పెడతాడు. ఆకుల రంగు చొక్కా తొడుక్కుని, జేబులో పలక వేసుకుని, తుపాకీ పట్టుకుని మా పొరుగు ల్యూథర్ వాళ్ళ వెనక పొలానికి నడిచి వెళతాడు. పలకంటే అరచేతిలో ఇమిడేది, దాని మీద పుల్లతో గీస్తే అచ్చం పెట్ట గొంతు వస్తుంది. మధ్యాహ్నం వేట వేరు, పొద్దుటి వేట వేరు అని నాకు పాఠం చెప్పేవాడు. పొద్దున పుంజు కేకలేస్తూ వస్తుందట. మధ్యాహ్నానికి పెట్టలన్నీ గుడ్ల దగ్గరికి పోతాయి గనక, పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిన మొగుడిలా దిక్కుతోచక తిరుగుతూ, చప్పుడు చెయ్యకుండా వస్తుందట. ఓపిక ఉన్నవాడిదే మధ్యాహ్నం వేట అనేవాడు.

ఆయన వెళ్ళగానే నాకు టాన్సీ ఒక్కతే తోడు. టాన్సీ మా కూతురు కోరా బిడ్డ, రెండో తరగతి. కోరా పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేస్తుంది. తెల్లారకుండానే బిడ్డని మా దగ్గర దింపిపోతుంది. మా దొడ్లోనే బస్సెక్కేది గనక అందరికంటే ముందు ఎక్కేదీ టాన్సీయే, ఆఖరున దిగేదీ టాన్సీయే. ఆ చలికాలం నుంచి పిల్లకి ఏమైందో గాని, బస్సు దిగి వచ్చి బల్ల ముందు కూర్చుంటే చాలు, చిక్కుళ్ళ గిన్నెలోకి తల వాల్చేసేది. ఒంట్లో రక్తం లేదేమోనని కోరా దిగులు పడేది. మా ఆయన మాత్రం ఏమీ అనేవాడు కాదు.

ఆ సంగతి జరిగిన రోజు ల్యూథర్ కంచె తీగ అడగడానికి వచ్చి, మా వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఇంకా ఎండ ఉండగానే ఆర్విల్ షెడ్డు పక్కనుంచి వచ్చాడు, భుజాన పిట్ట. పుంజయితే మనిషి భుజం నుంచి పిక్కలదాకా వేలాడుతుంది. ఇది నడుం దగ్గరే ఆగింది. గోధుమరంగు రొమ్ము, సన్నటి మెడ. దగ్గరికి రాకముందే అది పెట్టని నాకు తెలిసిపోయింది, ల్యూథర్‌కీ తెలిసింది.

"ఏంటి ఆర్విల్, మగాళ్ళెవరూ దొరకలేదా ఇవాళ?"

"గడ్డం ఉంది దానికి," అన్నాడు ఆర్విల్. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

పుంజుకి రొమ్ము మీద గుర్రపు తోకలా కుచ్చు ఒకటి వేలాడుతుంది, దాన్నే మేము గడ్డమంటాం. ఎక్కడో ఒక పెట్టకి కూడా మొలుస్తుంది. గడ్డమున్నది పెట్టయినా చంపవచ్చునని రూలు. ల్యూథర్ ఆ కుచ్చుని వేలితో కొలిచి చూసి, గడ్డమున్న ఆడదాన్ని మా అత్తగారి తర్వాత మళ్ళీ ఇప్పుడే చూడటం అన్నాడు. ముగ్గురమూ నవ్వాం. ఆర్విల్ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. తర్వాత లోపలికి వెళ్ళి అటవీ ఆఫీసుకి ఫోన్ చేసి, గడ్డం పెట్ట, ఒకటి, అని రాయించాడు. చర్చిలో ప్రార్థన చెప్పినంత నిదానంగా చెప్పాడు.

అప్పుడు ఆ గడ్డం నా చేతిలో ఉంది. అప్పుడే కోసిన గడ్డానికి మొదట్లో చర్మం ముక్క, కాస్త కొవ్వు, నెత్తురు ఉంటాయి. నీచు వాసన వస్తుంది. దీని మొదలు చీపురుపుల్లలా ఎండిపోయి ఉంది. దేవదారు వాసన వస్తోంది. పాత గడ్డాలన్నీ ఆయన షెడ్డులో దేవదారు పెట్టెలో దాచుకుంటాడు.

ఏటేటా చర్చి హాల్లో పిల్లలకి వేట జాగ్రత్తలు నేర్పేది ఈయనే. గడ్డం చూడనిదే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దని వాళ్ళచేత పదేసిసార్లు చెప్పించేదీ ఈయనే. పొరపాటున పెట్టని కొట్టిన కుర్రాళ్ళు ఏడుస్తూ వస్తే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని అటవీ ఆఫీసుకి నిజం చెప్పించిన మనిషి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది గనక ల్యూథర్ ముందు నేను నోరు మెదపలేదు. కంచె తీగ ఇచ్చి పంపేశాను.

వేణ్ణీళ్ళలో ముంచి ఈకలు పీకాను. కడుపు కోసి చెయ్యి లోపల పెడితే వేళ్ళకి నున్నగా తగిలింది. బయటికి తీశాను. పెంకు గట్టిపడిన నిండు గుడ్డు, మచ్చలతో సహా. ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని చిన్న గిన్నెలో పెట్టి, కాఫీ తాగుతున్న ఆయన ముందు పెట్టాను.

ఆయన దాని మీద బొటనవేలు ఆనించి నిమిరాడు. "గుడ్డు," అన్నాడు.

"రేపో మాపో పెట్టేది."

"గడ్డమున్న పెట్టలు కూడా గుడ్లు పెడతాయి వెర్నా."

అది నిజమే. అబద్ధం మీద నిజాన్ని మూతలా పెట్టాడు. పైగా నా మొహంలోకి చూడకుండా, నా చెవి అవతల గోడ వైపు చూస్తూ చెప్పాడు. సిగ్గుతో చూడలేకపోతున్నాడనుకున్నాను. పొరపాటున కొట్టి ఉంటే అడవిలోనే వదిలేసి రావచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ చంపిన పిట్టని నక్కలకి వదిలేసే మనిషి కాదు. అందుకే ఇంటికి తెచ్చి, పాత గడ్డం ఒకటి తీసుకుని, ఇంత నాటకం ఆడాడని అర్థమైంది. అర్థంకానిదల్లా ఎందుకని. పొరపాటయిందని చెబితే ఎవరు కొట్టబోయారు?

చాలా రోజులు ముభావంగానే ఉన్నాను. వడ్డించేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. ఆ పెట్టని వండాను గాని నేను తినలేదు. ఇన్నేళ్ళ ఆశ తీరేసరికి ఆత్రం ఎక్కువై, కదిలిందల్లా పుంజనుకుని కాల్చాడని, పరువు పోతుందని దాచాడని నాలో నేను తేల్చేసుకున్నాను. కోపం ఉన్నచోట జవాబులు తొందరగా దొరుకుతాయి.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన వేటకి వెళ్ళాక, నేనూ టాన్సీ వరండాలో కూర్చుని పుట్టగొడుగులు శుభ్రం చేస్తున్నాం. మా వైపు వసంతంలో తేనెపట్టులా కన్నాలున్న పుట్టగొడుగులు వస్తాయి. వాటిని నిలువుగా చీల్చి ఉప్పునీళ్ళలో వేస్తే లోపలి పురుగులు తేలతాయి. టాన్సీ ఆవలిస్తూనే చీలుస్తోంది. ల్యూథర్ వాళ్ళ దూడ ఒకటి కంచె తప్పించుకుని దారి మీదకి వచ్చింది.

పిల్ల తల కూడా ఎత్తకుండా నాలుకతో "పట్" మంది.

టర్కీ పెట్ట అపాయం కనబడితే అచ్చం అలాగే అంటుంది. నాకు ముచ్చటేసింది. ఎక్కడ నేర్చుకున్నావే, తాతయ్య నేర్పాడా అని అడిగాను.

"బస్సులో. నేను కాపలా పెట్టని కదా."

అన్ని పెట్టలూ మేత మేస్తుంటే ఒకటి మెడ నిక్కించి నలుదిక్కులా చూస్తుంది. దాన్ని కాపలా పెట్ట అంటాం. అదేం ఆటే అని అడిగాను, చేతిలో పని ఆపకుండానే.

ఆట కాదని పిల్లే చెప్పింది. తాతయ్య సీటు వెనక కూర్చోవాలి. పోస్టు డబ్బా దగ్గర ఎవరూ లేకపోతే ఊరుకోవాలి. పిల్లలు నిలబడి ఉంటే ఒక పట్. రోడ్డు మీద ఏదైనా అడ్డముంటే, కుక్కగానీ దూడగానీ మనిషిగానీ, రెండు పట్లు, గట్టిగా. వాగు చప్టా మీద నీళ్ళు పారుతుంటే ఆగకుండా కూస్తూనే ఉండాలి. ఎదురుగా వచ్చే బండి తాతయ్యకి వినిపిస్తుంది గనక దానికి అక్కర్లేదు.

"ఎప్పటినుంచే?"

"మంచు పడ్డప్పటినుంచి."

"అమ్మకి చెప్పావా?"

"పుంజు ఏ చెట్టు మీద పడుకుంటుందో వేటగాళ్ళు ఎవరికీ చెప్పరు కదా అమ్మమ్మా. ఇదీ అంతే."

నా చేతులు ఉప్పునీళ్ళలో అలాగే ఉండిపోయాయి.

పిల్ల అక్కడే బల్ల మీద నిద్రపోయింది. నేను లేచి వెళ్ళి దొడ్లో ఆపి ఉన్న బస్సెక్కాను. డ్రైవరు సీటు వెనక టాన్సీ కూర్చునే చోట కూర్చున్నాను. అక్కడినుంచి ముందు అద్దం సరిగ్గా కనపడదు, నడవలోకి ఒంగితేనే కనపడుతుంది. పక్క కిటికీ అద్దమంతా దుమ్ము. ఆ దుమ్ములో పిల్ల మొహం ఎత్తున, చొక్కా చేత్తో తుడిచిన గుండ్రటి చోటు ఒక్కటే తళతళలాడుతోంది.

ఆ సీట్లో కూర్చునే ఒక్కొక్కటీ కలుపుకుంటూ వచ్చాను. పేపరు చదవడం మానేశాడు, కళ్ళజోడు మార్చాలన్నాడు. చర్చిలో పాటల పుస్తకం తెరవడు, అన్నీ నోటికి వచ్చుగా అన్నాడు. ఆదివారాలు ట్రక్కు నన్ను నడపమంటాడు, వారమంతా స్టీరింగు పట్టి విసుగొచ్చిందే అన్నాడు. నన్ను నమ్మి బండి ఇస్తున్నాడని నేను మురిసిపోయాను కూడా. నేను పక్కనుంటే "పట్" అనేవాళ్ళు ఉండరని బండి ఇచ్చాడన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ ఇంట్లో ఆ పిల్లిని నేనే. చలికాలమంతా, గడ్డకట్టిన మలుపుల మీద, ఆ చప్టా మీదుగా, ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ మోసుకుని, ఏడేళ్ళ పిల్ల నాలుకని నమ్ముకుని ఆ బస్సు నడిచింది. పాలపళ్ళు ఊడి, నాలుకకి పట్టు చిక్కక పిల్ల నత్తిగా మాట్లాడిన రోజులు కూడా ఉన్నాయి.

మర్నాడు శనివారం కావడం ఒక్కటే నా అదృష్టం. సోమవారం పొద్దున్న దాకా ఆ బస్సు కదలదు. ఈలోగా తేల్చాలి. కోరాకి చెబితే అది తండ్రి మొహం చూడదు. బడివాళ్ళకి నేనే చెబితే ఈ మనిషి నా మొహం చూడడు. ముందు ఆయన నోటినుంచి రావాలి. అందుకని ఆ మధ్యాహ్నం ఆయన పలక జేబులో వేసుకుంటుంటే నేనూ వస్తానన్నాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళి, తుమ్మి, పుంజుని తరిమేశాను. మళ్ళీ అడగలేదు, ఆయనా పిలవలేదు.

"తుమ్మకుండా కూర్చోగలవా?" అన్నాడు. తన పాత చొక్కా నాకు తొడిగి గుండీలు తనే పెట్టాడు. పెట్టేటప్పుడు వేళ్ళతో తడుముకుని పెట్టాడు. అదివరకయితే నేను ఆ సంగతి గమనించేదాన్ని కాదు.

ల్యూథర్ వెనక పొలం చివర, అడవి మొదలయ్యే చోట పెద్ద ఓక్ చెట్టు. దాని మొదలుకి ఇద్దరం పక్కపక్కన వీపులు ఆనించి కూర్చున్నాం. ఆయన మోకాలి మీద తుపాకీ ఉంది. దారంతా కంప తగలకుండా, రాయి తగలకుండా నాకంటే బాగా నడిచాడు. పుట్టినప్పటినుంచి తిరిగిన నేల అది. బస్సు తిరిగే దారి కూడా ఆయనకి అంతేనని అప్పుడు తోచింది. దారి తెలుసు. దారిలోకి కొత్తగా ఏం వస్తుందో అదే తెలియదు.

ఆయన పలక మీద గీశాడు. అడవిలో ఎక్కడో పెట్ట ముద్దుగా పిలిచినట్టుంది. గీసి, ఆగి, చాలాసేపు ఊరుకుని, మళ్ళీ మెల్లగా గీశాడు. ఏ జవాబూ లేదు. ఎండ ఆకుల మధ్యనుంచి దిగుతోంది. నేను చెప్పాల్సిన మాటలు లోపలే కూడబలుక్కుంటున్నాను, నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. మింగలేను, కక్కలేను.

అంతలో నా రొమ్ములో ఏదో గుమ్మంది. చెవికి తెలిసేకంటే ముందు ఒంటికి తెలుస్తుంది ఆ చప్పుడు. పుంజు పురి విప్పి బిగబట్టినప్పుడు లోపలినుంచి వచ్చే మోత అది. పెట్టలు ఆ చప్పుడు చెయ్యవు. ఆర్విల్ ఒళ్ళంతా చెవులై, తుపాకీ భుజానికి ఎత్తుకున్నాడు.

డాగ్‌వుడ్ పూల కిందనుంచి వచ్చింది పుంజు. తోక విసనకర్రలా విచ్చుకుంది. నెత్తి తెలుపు, బుగ్గలు నీలం, మెడ నెత్తుటి ఎరుపు. గడ్డం నేలని రాస్తోంది. మా ఎదురుగా ఎండలో, రాయి విసిరితే తగిలేటంత దగ్గర నిలబడింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆర్విల్ దాని వైపే చూస్తున్నాడు, సూటిగా. తుపాకీ గొట్టం మాత్రం దానికి రెండు మూరలు ఎడంగా ఉంది.

ఆయన పెదవులు కదిలాయి.

"వెర్నా. గడ్డం ఉందా దానికి?"

అప్పటిదాకా, పిల్ల చెప్పిందంతా విన్నాక కూడా, ఎక్కడో ఒక మూల నమ్మలేదు. అంత పుంజు అంత వెలుతురులో ఎదురుగా నిలబడితే గడ్డం ఉందా అని అడిగాడు. ఉందని చెబితే కాలుస్తాడు. తగిలినా తగులుతుంది. ఆ సంతోషంతో సోమవారం మళ్ళీ బస్సెక్కుతాడు.

"లేదు," అన్నాను. "పెట్ట."

పుంజు మళ్ళీ గుమ్మంది. నా వీపు వెనక చెట్టుకి కూడా తెలిసినట్టనిపించింది. ఆయన కదల్లేదు. ఆ మోత విని అది పెట్టని నమ్మే వేటగాడు మా కొండల్లో పుట్టలేదు. చాలాసేపు అలాగే విన్నాడు, గొట్టం అలాగే ఉంచి. తర్వాత తుపాకీ మీద చిన్న టక్‌మన్న చప్పుడు వినబడింది. పేలకుండా ఆపే మీట వేసేశాడు.

"పెట్టయితే పోనీలే," అన్నాడు.

పుంజు మా ముందే అటూ ఇటూ తిరిగి, పిలిచిన పెట్ట కనపడక అడవిలోకి పోయింది. అది పోయిందాకా ఆయన దాని అడుగులు వింటూనే ఉన్నాడు. తుపాకీ ఒళ్ళో పెట్టుకుని తూటాలు తీసేశాడు.

"టాన్సీ చెప్పిందా?"

"చెప్పింది. తప్పని తెలిసి చెప్పలేదు, దాన్నేమీ అనకు."

ఎందుకంటానే అన్నాడు. తర్వాత ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. కంటి నడిమధ్య, అద్దం మీద బొటనవేలు నొక్కినట్టు మరక. ముందు చిన్నది, చలికాలానికి పెద్దదయింది. ఏది సూటిగా చూస్తే అది మాయమవుతుంది, పక్కనున్నవి మాత్రం కనబడతాయి. నా మొహం చూడాలంటే నా చెవి అవతలికి చూడాలి. గుడ్డు ముందు పెట్టిన రోజు ఆయన చూపు గోడ మీద ఎందుకుందో అప్పుడు తెలిసింది. సిగ్గుపడి కాదు. నన్ను చూడటానికి.

బడి మూసేదాకా ఎలాగో నెట్టుకొస్తే, ఆగస్టులో డాక్టరు పరీక్షకి వెళ్ళకుండా తనే మానేద్దామనుకున్నాడట. ఇన్నేళ్ళు నడిపి, చూపు పోయి దింపేశారని అనిపించుకోకుండా పోదామని.

"మరి ఆ పెట్ట?" అన్నాను.

"నేను చూశానే," అన్నాడు. "ఒట్టేసి చెప్తున్నా. ఎర్రటి మెడ చూశా. గడ్డం ఊగడం చూశా. చేత్తో ఎత్తాక గానీ తెలీలేదు. చూడకుండా కాల్చలేదు వెర్నా, చూసే కాల్చాను."

కావలసింది కళ్ళే కల్పించుకున్నాయన్నమాట. ఆ మాటకి నాకు కలిగిన భయం ఇంతా అంతా కాదు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"రోడ్డు మీద కూడా అంతేనా? ఖాళీగా ఉండాలనుకుంటే ఖాళీగానే కనిపిస్తుందా?"

ఆయన చొక్కా లోపలి జేబులో బస్సు తాళాలు ఎప్పుడూ ఉంటాయి, వేటకి వెళ్ళినా సరే. వాటిని తీసి, నా చెయ్యి వెతుక్కుని, అందులో పెట్టి వేళ్ళు మూశాడు. ఇద్దరం ఇంటికి నడిచాం. దారిలో నేను రాయి తగిలి తూలితే ఆయనే పట్టుకున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక బడి పెద్దాయన ఇంటికి వెళ్ళాం. టోపీ చేతిలో పట్టుకుని మా ఆయనే చెప్పాడు, ఏదీ తగ్గించకుండా. పెద్దాయన తన ఇద్దరు కొడుకులూ ఆ బస్సులోనే వస్తారని గుర్తొచ్చి కాబోలు, మొహం పాలిపోయి, కూర్చోమనడం మరిచిపోయాడు. ఇంటికి వచ్చాక ఆర్విల్ అటవీ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ పెట్టకి గడ్డం లేదని చెప్పాడు. దేవదారు పెట్టె పక్కనే తుపాకీ కూడా పెట్టేశాడు.

కోరాకి నేను చెప్పాను. అది అరవలేదు. "మంచు పడ్డప్పుడు కూడానా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. సోఫాలో పడుకున్న బిడ్డ దగ్గరికి వెళ్ళి, లేపకుండా, చాలాసేపు నిలబడింది. మా ఇంట్లో భోంచెయ్యకుండా వెళ్ళిపోయింది. తండ్రితో మళ్ళీ మాట్లాడటానికి దానికి ఎండాకాలమంతా పట్టింది.

సోమవారం పొద్దున్న మా దొడ్లో బస్సు లేదు. ముందురోజే వచ్చి తీసుకుపోయారు. వరండా మెట్టు మీద నేనూ టాన్సీ నిలబడ్డాం. ఆర్విల్ తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాడు. బస్సు తనది కాని చప్పుడుతో, గేర్లు మొరాయిస్తూ మలుపు తిరిగి వచ్చి ఆగింది. డార్లా అని, అదివరకు బడి వంటింట్లో చేసినావిడ నడుపుతోంది. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

టాన్సీ నా ఏప్రాన్ అంచు పట్టుకుంది. "అమ్మమ్మా, ఆవిడకి కనిపిస్తుందా?"

"కనిపిస్తుందమ్మా."

"చప్టా కూడా?"

"చప్టా కూడా."

పిల్ల వెనక్కి తిరిగి తాతయ్య వైపు ఒకసారి చూసి, ఆయనకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"అయితే నేను బస్సులో నిద్రపోవచ్చా?"

పోవచ్చని తల ఊపాను. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్ళి బస్సెక్కి, ముందు సీటు దాటి, బాగా వెనక్కి పోయి కూర్చుంది. తాతయ్యకి వినపడకూడదనుకుంది గాని, అడవిలో ఆకు కదిలినా వినే మనిషి ఆయన. కుర్చీలోంచి లేచి మెట్టు మీదకి వచ్చాడు. బస్సు మలుపు తిరిగేదాకా మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. దూరంనుంచి చూసినవాళ్ళు మనవరాలి మీద అలిగాడనుకుంటారు. ఆయన దాన్నే చూస్తున్నాడు.